దీపానికి వచ్చింది ఏ చిమ్మట? ఫొటోలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటి దీపం దగ్గరికి వచ్చిన చిమ్మటల ఫొటోలు పంపమని గత సంచికలో కోరాము. కోనసీమ లంకల నుంచీ, భీమవరం, నరసాపురం వైపు నుంచీ, కాకినాడ, తణుకు పట్టణాల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో, ఒకరికి చెప్పిన జవాబు పదిమందికి పనికివచ్చే వాటిని ఇక్కడ ఎంచుకున్నాను. ముందుగా మాట విషయం తేల్చుకుందాం. మన జిల్లాల్లో కొందరు చిమ్మట అంటే రాత్రంతా చెవులు గింగురుమనేలా అరిచే కీచురాయి అనుకుంటారు. ఈ శీర్షికలో చిమ్మట అంటే సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టమై, రెక్కల మీద నుసిలాంటి పొలుసులు కలిగి, ఎక్కువగా రాత్రిపూట తిరిగే పురుగు. రైతులు రెక్కల పురుగు అని పిలిచేది చాలావరకు దీన్నే. మన దేశంలో సీతాకోకచిలుకలు సుమారు 1,300 జాతులుంటే, చిమ్మటలు 10,000 జాతులకు పైగా ఉన్నాయి. అందుకే ఒక్క ఫొటో చూసి పేరు చెప్పడం సీతాకోకచిలుక విషయంలో తరచుగా కుదిరినంత సులువుగా ఇక్కడ కుదరదు.

ప్రశ్న: మా వసారాలో గోడ మీద అరచేతిలో సగం ఉన్న ముదురు గోధుమరంగు చిమ్మట వాలింది. వీపు మీద అచ్చం మనిషి పుర్రె బొమ్మ ఉంది. చీపురుతో తోయబోతే కిచకిచమని అరిచింది. ఫోన్‌లోని యాప్‌కు ఫొటో చూపిస్తే ‘అకెరోన్షియా అట్రోపోస్’ అని చెప్పింది. మా అత్తగారు ఇంటికి కీడని భయపడ్డారు. నేను చంపనివ్వకుండా రెండు ఫొటోలు తీసి వదిలేశాను. యాప్ చెప్పిన పేరు సరైనదేనా? (ఒక పాఠకురాలు, రాజోలు)

జవాబు: యాప్ చుట్టాన్ని సరిగ్గానే పట్టుకుంది, మనిషిని మాత్రం పొరబడింది. పుర్రె గుర్తున్న చిమ్మటలన్నీ అకెరోన్షియా అనే ఒకే ప్రజాతికి చెందుతాయి, అందులో మూడే జాతులున్నాయి. అట్రోపోస్ యూరప్, ఆఫ్రికా వైపు కనిపించే జాతి. మన ప్రాంతంలో కనిపించేవి తక్కిన రెండు: స్టిక్స్, లాకెసిస్. ఫొటోలు చూసి పేర్లు సూచించే యాప్‌లు తమకు ఇదివరకు చూపించిన ఫొటోల ఆధారంగానే పోలిక చెబుతాయి. పాశ్చాత్య దేశాల చిమ్మటల ఫొటోలు లక్షల్లో ఉండి మనవి తక్కువగా ఉన్నచోట, పోలిక సహజంగా అటువైపే జరిగిపోతుంది. కాబట్టి యాప్ ఇచ్చిన పేరును వెంటనే నమ్మకుండా, ఆ జాతి అసలు మన దేశంలో ఉంటుందా అన్నది మొదట చూసుకోండి. ఆ ఒక్క పరీక్షతోనే సగం తప్పులు పోతాయి.

ఇక మీ చిమ్మట ఈ రెండింటిలో ఏది అన్నది మీ మొదటి ఫొటో చెప్పలేదు. అందులో ముందు రెక్కలు ఇంటి కప్పులా మూసుకుని ఉన్నాయి, ఆ భంగిమలో రెండు జాతులూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మీరు తోయబోయినప్పుడు అది బెదిరి రెక్కలెత్తిన క్షణంలో తీసిన రెండో ఫొటో కాస్త కదిలిపోయినా, మనకు కావలసినది దానిలోనే ఉంది. వెనుక రెక్క పసుపుగా ఉండి, దాని మీద రెండు నల్లని పట్టీలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఉదరం మీది పసుపు పట్టీలు కూడా స్పష్టంగా ఉన్నాయి, వాటి నడుమ బూడిదరంగు చార సన్నగా ఉంది. ఇవి స్టిక్స్ లక్షణాలు. లాకెసిస్ అయితే వెనుక రెక్క మొదట్లో పెద్ద నల్లమచ్చ ఉండి పసుపు తగ్గిపోతుంది, ఉదరం మీది చార వెడల్పుగా ఉంటుంది, పురుగు కూడా ఇంకా పెద్దది. మీరు పనికిరాదనుకున్న ఆ మసక ఫొటో లేకపోతే నేను ‘అకెరోన్షియా’ అని మాత్రమే రాసి ఆగిపోవలసి వచ్చేది.

అత్తగారి భయం విషయం. వీపు మీది ఆ బొమ్మ పసుపు, నలుపు పొలుసులు కలిసి ఏర్పడిన మచ్చ, అంతకు మించి ఏమీ లేదు. అరుపు మాత్రం నిజమే. ఇది తొండంలోకి గాలి పీల్చి, తిరిగి బయటికి నెట్టేటప్పుడు ఆ శబ్దం పుడుతుంది. తేనెపట్లలోకి దూరి తేనె తాగడం దీని అలవాటు. మీ ఉత్తరంలో ఇంటి వెనుక నువ్వుల చేను ఉందని రాశారు. దీని గొంగళి పురుగు నువ్వుల మొక్కలను ఇష్టంగా తింటుంది. వేలంత పొడవు పెరిగి, ప్రక్కల మీద ఏటవాలు చారలతో, తోక దగ్గర మెలిక తిరిగిన కొమ్ముతో ఉంటుంది. చేలో ఒకటీ అరా కనిపిస్తే చేత్తో ఏరేస్తే సరిపోతుంది. అత్తగారికి ఆ కొమ్ముపురుగును కూడా చూపించండి. ఆమె దాన్ని చిన్నప్పటి నుంచీ చేలో చూసే ఉంటారు, వసారాకు వచ్చింది దాని పెద్ద రూపమే అని తెలిస్తే భయం కొంత తగ్గవచ్చు.

ప్రశ్న: సార్వా నాట్లు పడి నెల దాటింది. మోటారు షెడ్డు దీపం దగ్గర రాత్రి వాలిన పురుగుల ఫొటో పంపుతున్నాను. పక్క పొలం వారు కాండం తొలుచు పురుగు వచ్చేసిందని మందు కొట్టేశారు. నేను కూడా కొట్టాలా? మా పొలంలో పెట్టిన లింగాకర్షక బుట్టలో మాత్రం కరపత్రంలోని పసుపు పురుగు ఒక్కటీ పడలేదు, ఏవో గోధుమరంగువి పడుతున్నాయి. (ఒక రైతు, పెనుగొండ దగ్గర)

జవాబు: మీ ఫొటోను పెద్దది చేసి ఒక్కొక్క పురుగునూ విడిగా చూశాను. అందులో కనీసం మూడు రకాలున్నాయి. ఎడమవైపు పైన ఎండుగడ్డి పసుపు రంగులో, ఒక్కొక్క ముందు రెక్క నడుమ ఒక్కొక్క నల్లని చుక్కతో ఉన్న రెండూ కాండం తొలుచు పురుగు ఆడవి. శాస్త్రనామం సిర్పోఫాగా ఇన్సెర్టులాస్. వాటికంటే చిన్నగా, త్రికోణంలా రెక్కలు పరుచుకుని, పసుపు గోధుమరంగు రెక్క మీద వంకర గీతలతో, అంచున ముదురు పట్టీతో ఉన్న ఆరూ ఆకుముడత రెక్కల పురుగులు. తెల్లగా, లేత గోధుమరంగు మచ్చలతో ఉన్న ఒకటి గొట్టాల పురుగు తాలూకుది. మూడూ వరి మీద బతికేవే, కానీ మూడింటికీ పొలంలో కనిపించే లక్షణాలు వేరు, వాటిని అదుపు చేసే పద్ధతీ వేరు. పక్కవారు మూడింటినీ ఒకే పురుగుగా లెక్కవేసి ఉండవచ్చు.

మీ బుట్ట గురించి మీరు అడిగిన మాటను చాలామంది రైతులు మనసులోనే ఉంచుకుని బుట్టను తప్పుబడతారు. లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర ఆడపురుగు వాసన, కాబట్టి అందులో పడేవి మగపురుగులు మాత్రమే. కరపత్రాల మీద, గోడపత్రికల మీద అచ్చువేసే బొమ్మ సాధారణంగా ఆడపురుగుది, ఎందుకంటే పసుపు రంగు, నల్ల చుక్క చూడగానే గుర్తుండిపోతాయి. మగది ఇంకా చిన్నది, మాసిన గోధుమరంగుది, దాని రెక్కల మీద ఆ పెద్ద చుక్క స్పష్టంగా ఉండదు, అంచు వెంబడి చిన్న చుక్కలుంటాయి. మీ బుట్టలో పడుతున్న గోధుమరంగువి ఇవే. మీరు పంపిన రెండో ఫొటోలో వాటి మూతి ముక్కులా ముందుకు పొడుచుకుని ఉండడం కనిపిస్తోంది, ఇది ఆడ, మగ రెండింటిలోనూ ఉండే గుర్తు. మీ బుట్ట సరిగ్గానే పనిచేస్తోంది. కరపత్రాల మీద మగపురుగు బొమ్మ కూడా తప్పకుండా పక్కనే వేయాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే రైతు రోజూ బుట్టలో చూసేది దాన్నే.

మందు కొట్టాలా అన్న నిర్ణయం మాత్రం దీపం కింద తీసిన ఫొటోతో చేయకూడదు. దీపం చుట్టుపక్కల పొలాలన్నిటి నుంచీ పురుగులను లాగుతుంది, మీ మడిలో ఎన్ని ఉన్నాయో చెప్పదు. పొద్దున్నే పొలంలో దిగి చూడండి. ఆడపురుగు ఆకు కొన దగ్గర గుడ్లను కుప్పగా పెట్టి, పైన లేత గోధుమరంగు నూగు కప్పుతుంది. చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయం కానీ, పిలకల్లో నూటికి అయిదు చచ్చిన మొవ్వులు కానీ కనిపిస్తే అప్పుడు చర్య తీసుకోవాలి. ఆకు కొన మీది ఆ గుడ్ల సముదాయాన్ని దగ్గరగా ఫొటో తీసి మీ గ్రామంలోని వ్యవసాయ సహాయకుడికి చూపిస్తే, దీపం దగ్గర తీసిన పది ఫొటోల కంటే ఎక్కువ చెబుతుంది. నారు కొనలు తుంచి నాటమని పెద్దలూ, వ్యవసాయ శాఖవారూ చెప్పేది కూడా ఆ గుడ్లు కొనల మీదే ఉండడం వల్లనే.

ప్రశ్న: మా పెరట్లో నిత్యమల్లి పూల దగ్గర సాయంత్రం వేళ హమ్మింగ్ బర్డ్ ఒకటి గాలిలో నిలబడి తేనె తాగింది. వీడియో నుంచి తీసిన ఫొటో పంపుతున్నాను. ఈ పక్షి మన దగ్గర అరుదా? (ఒక విద్యార్థిని, ముమ్మిడివరం)

జవాబు: హమ్మింగ్ బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. మీరు చూసింది మాక్రోగ్లోసమ్ ప్రజాతికి చెందిన చిమ్మట, అది పగలు, సందెవేళ తిరుగుతుంది. ఫొటోలో రెండు మీసాలు కనిపిస్తున్నాయి చూడండి, పక్షికి మీసాలుండవు. ముక్కు అనుకున్నది తొండం, పని అయ్యాక అది గడియారం స్ప్రింగులా చుట్టుకుపోతుంది. ఈ ప్రజాతిలో మన దేశంలో చాలా జాతులున్నాయి, వాటిని విడదీయడానికి వెనుక రెక్క మీది పసుపు పట్టీ ఆకారమూ, ఉదరం ప్రక్కల మీది మచ్చలూ కావాలి. రెక్కలు ఆడుతున్నప్పుడు అవి మసకబారిపోతాయి. ఫోన్‌లోని స్లో మోషన్ వీడియోలో ఒక్కొక్క చిత్రాన్ని ఆపి చూస్తే, రెక్కలు వెనక్కి వెళ్ళిన క్షణం ఒకటి దొరకవచ్చు. అప్పటివరకు ప్రజాతి పేరుతోనే రాసుకోండి. రెక్కలు గాజులా పారదర్శకంగా, ఒళ్ళు పచ్చగా ఉన్న మరొకటి కనిపిస్తే అది సెఫోనోడెస్ హైలాస్. కోశం నుంచి బయటికి వచ్చినప్పుడు దాని రెక్కల మీద కూడా పొలుసులుంటాయి, మొదటిసారి ఎగరగానే రాలిపోతాయి.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో 8వ తరగతి పిల్లలతో ఒక రాత్రి చిమ్మటల పరిశీలన చేయాలనుకుంటున్నాను. ఫొటోలు తీస్తాం, తరువాత పోల్చుకుంటాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? ఫొటోలు ఎలా తీయాలి? (ఒక ఉపాధ్యాయుడు, తణుకు)

జవాబు: ఈ ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాను కాబట్టి కాస్త విస్తరించి రాస్తున్నాను.

తెల్లని పాత పంచె కానీ దుప్పటి కానీ రెండు గుంజలకు నిటారుగా కట్టి, దాని ముందు ఒక దీపం వేలాడదీయండి. నీలి, అతినీల కాంతి ఎక్కువగా ఇచ్చే దీపానికి ఎక్కువ వస్తాయి. పసుపు కాంతి ఇచ్చే ఎల్‌ఈడీకి తక్కువ వస్తాయి. పౌర్ణమి దగ్గర రోజులు వద్దు, అమావాస్యకు అటూ ఇటూ, గాలి లేని, ఉక్కపోతగా ఉన్న రాత్రి మంచిది. మన డెల్టాలో తొలకరి తరువాత అలాంటి రాత్రులకు కొదవ లేదు. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇవి దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయి? ఎగిరే పురుగు ఏది పైనో, ఏది కిందో తెలుసుకోవడానికి వీపును వెలుతురు వైపు తిప్పుకుంటుంది, ఎందుకంటే ప్రకృతిలో రాత్రి కూడా ఆకాశమే నేల కంటే వెలుతురుగా ఉంటుంది. దీపం దగ్గరికి రాగానే వీపును దీపం వైపు తిప్పుకుంటూ పోయి, చుట్టూ చుట్టూ చిక్కుకుపోతుంది. అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో ఈ సంగతిని వివరించిన పరిశోధన 2024లో వెలువడింది. అలా చిక్కుకున్నవి అలసిపోతాయి, తెల్లవారితే కాకులకూ, బల్లులకూ ఆహారమవుతాయి. కాబట్టి రెండు గంటలకు మించి దీపం ఉంచకండి, ఆపాక దుప్పటిని మెల్లగా దులిపి మొక్కల మధ్య వదిలిపెట్టండి.

జాగ్రత్త విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. వరి పొలాల దగ్గర దీపానికి, చీమకంటే కాస్త పొడవుగా, నారింజ, నలుపు పట్టీలతో ఉన్న సన్నని పెంకు పురుగు ఒకటి వస్తుంది. అది కుట్టదు, కరవదు. కానీ ఒంటి మీద వాలినప్పుడు నలిపితే దాని రసం తగిలి మరునాటికి చర్మం కాలినట్టు పొక్కుతుంది. పిల్లలకు పొడుగు చేతుల చొక్కాలు వేయించండి, ఒంటి మీద ఏది వాలినా చేత్తో కొట్టకుండా నోటితో ఊదేయమని ముందే నేర్పండి. కాలువగట్టు దగ్గర కాకుండా బడి ఆవరణలోనే పెట్టుకోండి, పాముల భయం ఉండదు.

ఫొటోల దగ్గరికి వద్దాం. ఒక్కొక్క చిమ్మటకు ఒక్క ఫొటో చాలదు. మొదటిది నేరుగా పైనుంచి, రెండు రెక్కలూ సమానంగా కనిపించేలా తీయాలి. రెండోది ప్రక్క నుంచి, తల, కాళ్ళు, మూతి కనిపించేలా ఉండాలి. మీసాలు దారంలా ఉన్నాయా, ఈకలా చీలి ఉన్నాయా అన్నది మూడో ఫొటోలో స్పష్టపడాలి, ఎందుకంటే చాలా కుటుంబాల్లో మగవాటి మీసాలు ఈకల్లా ఉంటాయి. వెనుక రెక్కలు కనిపించడం అన్నిటికంటే ముఖ్యం. సన్నని గడ్డిపోచతో ముందు రెక్కను సుతారంగా తాకితే, చాలా చిమ్మటలు ఒక్క క్షణం రెక్కలు జరుపుతాయి. ఆ క్షణం కోసం ఒక పిల్లవాడు కెమెరాతో సిద్ధంగా ఉండాలి. రెక్కను వేళ్ళతో పట్టి లాగకూడదు. పొలుసులు ఊడిపోతే, పోల్చుకోవడానికి ఉన్న గుర్తులు కూడా వాటితోపాటే పోతాయి. అప్పటికే ముసలిదై పొలుసులు రాలిపోయిన చిమ్మటను ఎంత మంచి ఫొటో తీసినా పేరు చెప్పడం కష్టం. అలాంటి వాటి మీద కాలం వృథా చేయకండి.

పరిమాణం తెలియకపోవడం నాకు వచ్చే ఫొటోల్లో పెద్ద లోపం. పక్కన పది రూపాయల నాణెం పెట్టి ఒక ఫొటో తీయండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. అది చాలు, మిగిలినది లెక్క కట్టుకోవచ్చు. ఫోన్‌లోని ఫ్లాష్ నేరుగా కొడితే పొలుసులు మెరిసి రంగు మారిపోతుంది, గోధుమరంగు తెల్లగానూ, ఆకుపచ్చ బూడిదగానూ కనిపిస్తుంది. ప్రక్క నుంచి టార్చి వేసి, ముందు ఒక తెల్ల కాగితం అడ్డం పెడితే వెలుతురు మెత్తబడుతుంది. అందంగా కనిపించడానికి ఫోన్ చేసే మెరుగుల్ని ఆపేయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే ఫొటో చిక్కిపోయి రెక్క మీది సన్న గీతలన్నీ చెరిగిపోతాయి.

ప్రతి ఫొటోకూ తేదీ, గంట, ఊరు, ఏ దీపం, చుట్టుపక్కల ఏ పైరు, ఏ చెట్లు అన్నవి ఒక పుస్తకంలో రాయించండి. ఈ పుస్తకం ఫొటోలంత విలువైనది. చేను పక్కన జనుము వేసి ఉందని ఒక్క ముక్క రాస్తే, తెల్లని రెక్క మీద ఎర్ర, నల్ల చుక్కలున్న చిమ్మట ఎందుకు వచ్చిందో తెలిసిపోతుంది. ఊటెథైసా ప్రజాతి గొంగళి పురుగులు జనుమును తింటాయి. ఏటా జూలై చివరి వారంలో అనేక దేశాల్లో చిమ్మటల వారోత్సవం జరుగుతుంది, 2012లో మొదలైంది. మీ పిల్లల పరిశీలన ఆ రోజుల్లో పెట్టుకుంటే, ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వంటి ఇంటర్నెట్ వేదికలో ఇతర దేశాల పిల్లల ఫొటోలతో పాటు మీవీ చేరతాయి. అక్కడ పేరు తెలియకపోతే ‘చిమ్మట’ అని పెట్టి వదిలేయడానికి పిల్లలు సిగ్గుపడనక్కర్లేదని చెప్పండి. తెలిసినవారు చూసి సరిచేస్తారు.

ప్రశ్న: మా ఇంటి గోడ మీద గుమ్మడి గింజ ఆకారంలో బూడిదరంగు సంచి ఒకటి నడుస్తోంది. అప్పుడప్పుడు ఒక చివర నుంచి, అప్పుడప్పుడు మరో చివర నుంచి తల బయటపెడుతోంది. ఇదేమిటి? (ఒక పాఠకుడు, నరసాపురం)

జవాబు: ఫెరియోయెకా అనే చిన్న చిమ్మట గొంగళి పురుగు. సన్నని ఇసుక, ధూళి, నూలుపోగులు తన పట్టుతో కలిపి ఆ సంచి నేసుకుని, గొంగళి దశ అంతా అందులోనే ఉంటుంది. రెండు చివరలా ద్వారాలుంటాయి కాబట్టి లోపలే తిరిగి అటైనా ఇటైనా తల పెడుతుంది. సముద్రపు గాలి తేమ ఎక్కువగా ఉండే ఇళ్ళలో ఎక్కువ. సాలెగూళ్ళు, రాలిన వెంట్రుకలు, చచ్చిన పురుగుల ముక్కలు తింటుంది. సాలెగూళ్ళు దులిపితే తగ్గిపోతాయి, మందులేమీ అక్కర్లేదు.

ప్రశ్న: కొబ్బరి తోటలో సాయంత్రం బూడిదరంగు చిన్న చిమ్మటలు ఎగురుతున్నాయి. ఇవి నల్లముట్టె పురుగువేనా? ఫొటో జత చేశాను. (ఒక రైతు, కొత్తపేట దగ్గర)

జవాబు: మీ ఫొటోను చూసి అవునని గానీ కాదని గానీ చెప్పడం మీకు అన్యాయం చేయడమే అవుతుంది. నల్లముట్టె పురుగు రెక్కల దశ చిన్నది, బూడిదరంగుది, చెప్పుకోదగ్గ గుర్తులేమీ లేనిది. కొబ్బరి తోటలో ఆ రూపంలో ఎగిరే చిన్న చిమ్మటలు ఇంకా ఎన్నో ఉంటాయి. ఇలాంటప్పుడు చిమ్మటను వదిలి ఆకును ఫొటో తీయాలి. కింది వరుస మట్టల ఆకుల అడుగుభాగాన్ని తిప్పి చూడండి. పట్టుతోనూ, తన రెట్ట గుళికలతోనూ పురుగు కట్టుకున్న సొరంగాల్లాంటి గూళ్ళు, వాటి వెంట పచ్చదనం గీకేసి ఎండిపోయిన చారలు కనిపిస్తే అది నల్లముట్టె పురుగే, ఓపిసినా అరెనోసెల్లా. గూడు విప్పితే నల్లని తలతో, ఆకుపచ్చ ఒంటి మీద గోధుమరంగు చారలతో పురుగు ఉంటుంది. అది ఖాయమైతే అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన కేంద్రం వారిని సంప్రదించండి, ఈ పురుగును చంపే పరాన్నజీవి కందిరీగల గురించి వారు చెబుతారు. తోట నిండా మందు కొడితే పురుగు కంటే ముందు ఆ కందిరీగలే చనిపోతాయి.

ప్రశ్న: తోక దగ్గర నాలుగు పొడవైన వెంట్రుకల గొట్టాలు బయటపెట్టిన చిమ్మట ఫొటో ఇది. ఆఫ్రికా నుంచి వచ్చిన విషపురుగని, ముట్టుకుంటే ప్రాణాపాయమని మా వీధి వాట్సాప్ బృందంలో పంచుతున్నారు. నిజమా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ఈ సందేశం నిజం కాదు. ఇది క్రియాటోనోటోస్ గ్యాంగిస్ అనే మగ చిమ్మట. మన దేశంలోనూ, ఆగ్నేయాసియాలోనూ ఎప్పటి నుంచో ఉన్నదే. లేత గోధుమరంగు ముందు రెక్క మీద నల్లని పొడవు చారలు, ఎర్రని ఉదరం మీద నల్లచుక్కల వరుస ఫొటోలో బాగా కనిపిస్తున్నాయి. ఆ నాలుగు గొట్టాలూ మామూలుగా ఉదరం లోపలే ముడుచుకుని ఉంటాయి. ఆడపురుగును పిలవవలసి వచ్చినప్పుడు వాటిని ఉబ్బించి బయటపెట్టి, వాటి నుంచి వాసన వదులుతుంది. ఇందులో నాకు మహా ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. గొంగళి పురుగుగా ఉన్నప్పుడు అది తిన్న మొక్కల్లో, జనుము చుట్టాల్లో దొరికే ఆల్కలాయిడ్లు అనే ఒక రకం చేదు రసాయనాలు ఎంత ఎక్కువగా ఉంటే, పెద్దయ్యాక ఈ గొట్టాలు అంత పెద్దవవుతాయి, వాసన కూడా అంత ఎక్కువవుతుంది. ఆ ఆల్కలాయిడ్లు దొరకనిదానికి గొట్టాలు చిన్నవిగానే మిగిలిపోతాయి. ఈ చిమ్మట మనిషిని కరవదు, కుట్టదు. మీ వీధి బృందంలో ఈ జవాబును కూడా పంచండి. గొట్టాలు లోపలికి తీసుకున్నాక దాన్ని మరొక ఫొటో తీసి పక్కన పెడితే, రెండూ ఒకటేనని అందరికీ అర్థమవుతుంది.

ప్రశ్న: మా బత్తాయి చెట్టు దగ్గర రాత్రి తీసిన చిమ్మట ఫొటోకు, తెలిసిన ఇద్దరు రెండు వేరు పేర్లు చెప్పారు. ఒకరు పాత పుస్తకం చూసి చెప్పారు, మరొకరు యాప్ చూసి చెప్పారు. ఎవరిని నమ్మాలి? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: ఇద్దరూ నిజాయితీగానే చెప్పి ఉంటారు. మీ ఫొటోలో చిమ్మట ఎండుటాకులా ముందు రెక్కలు మూసుకుని కూర్చుంది. యూడోసిమా ప్రజాతి చిమ్మటలు ఇలాగే కూర్చుంటాయి. పైగా వీటిలో ఆడ, మగ ముందు రెక్కలు వేరుగా ఉంటాయి, ఒకే జాతి ఆడదాన్ని ఒకరు, మగదాన్ని మరొకరు చూసి రెండు జాతులనుకోవడం సులువు. పాత పుస్తకాలతో ఇంకొక చిక్కు ఉంది. బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త హాంప్సన్ 1892 నుంచి 1896 వరకు మన ఉపఖండపు చిమ్మటల మీద వెలువరించిన నాలుగు సంపుటాలు ఇప్పటికీ ఆధారమే. కానీ వాటిలోని వర్ణనలు సూది గుచ్చి, నాలుగు రెక్కలూ చాపి ఎండబెట్టిన నమూనాలను చూసి రాసినవి. బతికిన చిమ్మట మీ బత్తాయి చెట్టు మీద ఆ భంగిమలో ఎన్నడూ కూర్చోదు. రంగు కూడా ఎండిన నమూనాలో వెలిసిపోతుంది. అందువల్ల పుస్తకంలోని వర్ణనను మీ ఫొటోతో సరిపోల్చడానికి వెనుక రెక్క తప్పనిసరి.

వెనుక రెక్క నారింజ పసుపు రంగులో ఉండి, నడుమ గుండ్రని నల్లచుక్క ఉంటే అది యూడోసిమా మాటెర్నా. చుక్క బదులు చంద్రవంకలా వంగిన నల్లపట్టీ ఉంటే ఫలోనియా వైపు చూడాలి, అదే రకం పట్టీ ఉన్న హోమెనా అనే మరో జాతితో జాగ్రత్తగా పోల్చుకోవాలి. ఇవి రాత్రిపూట బత్తాయి, జామ, దానిమ్మ కాయలకు గట్టి తొండంతో చిల్లు పొడిచి రసం పీలుస్తాయి, చిల్లు దగ్గర కాయ మెత్తబడి రాలిపోతుంది. కాబట్టి పేరు తేలడం మీకు అవసరమే. కానీ ఏ జాతి అయినా మీరు చేయవలసిన పని ఒకటే. వీటి గొంగళి పురుగులు తిప్పతీగనూ, దాని చుట్టాలైన తీగలనూ తిని పెరుగుతాయి. మీ కంచె మీద తిప్పతీగ పాకి ఉంటే, ఆకుల మీద ప్రక్కల కంటిబొమ్మల్లాంటి మచ్చలున్న పురుగులున్నాయేమో పగలు చూడండి. కాయలకు కాగితపు సంచులు కట్టండి. రాత్రి ఎనిమిది దాటాక టార్చి వేసి కాయ మీద వాలి ఉన్నదాన్ని వెతకండి, రసం పీల్చేటప్పుడు అది సులువుగా కదలదు. గడ్డిపోచతో తాకి, రెక్క జరిగిన క్షణం ఫొటో తీసి పంపండి. ప్రస్తుతానికి మీ ఫొటో కింద ‘యూడోసిమా, జాతి తేలలేదు’ అని రాసి, తేదీ వేసి ఉంచుకోండి.